దిద్దేవాళ్లు దొరికేదెలా? సాంకేతిక రంగాన్ని సొంతంగా నేర్చుకునేవారు, మెంటార్

1970ల తొలినాళ్లలో హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త బ్రిటన్‌లోని ప్రయోగశాలలు తిరిగి ఒక విషయం ఆరా తీశారు. టీఈఏ లేజర్ అనే కొత్త రకం లేజర్ గురించి అప్పటికే పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. దాన్ని తామూ కట్టుకోవాలని చాలా బృందాలు పూనుకున్నాయి. అందరూ బాగా చదువుకున్న భౌతికశాస్త్రవేత్తలే. అయినా కేవలం అచ్చులో ఉన్నది చదివి లేజర్‌ను పని చేయించినవారు ఒక్కరూ ఆయనకు కనిపించలేదు. పని చేయించిన ప్రతి బృందానికీ, అంతకుముందే ఒకటి కట్టి నడిపినవాళ్లతో పరిచయం ఉంది. 1974లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చినదేమిటంటే, పనికి అవసరమైన జ్ఞానంలో కొంత భాగం కాగితం మీదకి రాదు. ఏ తీగ ఎంత పొట్టిగా ఉండాలో రాయాలన్న ఆలోచన కూడా కట్టినవాళ్లకు తట్టదు. వాళ్లకది అలవాటైపోయిన సంగతి.

సొంతంగా ప్రోగ్రామింగో, ఎలక్ట్రానిక్సో, డేటా విశ్లేషణో నేర్చుకునేవారికి ఎదురయ్యేది సరిగ్గా ఇదే గోడ. పుస్తకం సరైన దారి చూపిస్తుంది. చదివేవాళ్లు ఎక్కడ పక్కదారి పట్టారో అది చూడలేదు. తెలియనిదేదో తెలిసినప్పుడు వెతికి పట్టుకోవచ్చు. ఏం అడగాలో తెలియనప్పుడు వెతకడమే కుదరదు. తప్పునే ఒప్పనుకుని ముందుకు పోతున్నప్పుడైతే వెతకాలన్న ఆలోచనే రాదు. మెంటార్ అవసరమంతా ఈ చివరి రెండు చోట్లే ఉంది.

పైగా ఏ పుస్తకంతో నేర్చుకుంటే ఆ పుస్తకం ఆకారంలోనే లోటు మిగులుతుంది. శ్రీనివాస రామానుజన్ కుర్రతనంలో గణితం నేర్చుకున్నది ఎక్కువగా సూత్రాల సంకలనం నుంచి. అందులో ఫలితాలు వేలల్లో ఉన్నాయి, నిరూపణలు మాత్రం అంతంతమాత్రం. 1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జ్ గణితవేత్త జి.హెచ్. హార్డీకి పంపిన ఉత్తరంలోనూ అదే కనిపిస్తుంది: అద్భుతమైన ఫలితాలు, నిరూపణలు లేవు. హార్డీ జవాబులో ప్రధానంగా అడిగింది నిరూపణలనే. అంతటి ప్రతిభకే ఆ లోటు లోపలి నుంచి కనపడలేదు. వీడియోలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవారికి కోడ్‌ను పరీక్షించే టెస్టులు రాయడం రాకపోవడం, కిట్లతో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవారికి విద్యుత్ సరఫరా లెక్కలు తెలియకపోవడం ఈ కోవలోవే. కిట్‌లో ఆ లెక్క ముందే ఎవరో వేసి పెట్టారు కాబట్టి నేర్చుకునేవారి దాకా అది రానే రాలేదు.

మెంటార్ అనే ఒక్క మాటలో మూడు పనులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, చేసిన పని చూసి దిద్దడం. రెండు, తరవాత ఏం నేర్చుకోవాలో దారి చెప్పడం. మూడు, తెలిసినవాళ్లకు పరిచయం చేయడం. చాలామంది ఈ మూడూ ఒకే మనిషిలో వెతికి, దొరక్క నిరాశపడతారు. నిజానికి దారి చెప్పడానికి ఏడాదికి రెండు మూడు సంభాషణలు చాలు. పరిచయాలు పని బాగుంటే వాటంతటవే వస్తాయి. తరచుగా, ఓపికగా జరగాల్సింది దిద్దుబాటు ఒక్కటే. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, గీత ఎక్కడ వంకర పోయిందో అక్కడే చెప్పేవాళ్లు కావాలి.

ఈ మాటకు లెక్కల ఆధారమూ ఉంది. కంప్యూటర్ బోధనపై పరిశోధించే కర్ట్ వాన్‌లేన్ 2011లో ప్రచురించిన సమీక్షలో, చివరి జవాబు తప్పో ఒప్పో మాత్రమే చెప్పే కంప్యూటర్ బోధన వల్ల విద్యార్థులకు కలిగిన మెరుగు సుమారు 0.31 ప్రామాణిక విచలనాలు (విద్యార్థుల మార్కులు ఎంత చెదిరి ఉంటాయో చూపే కొలత). ప్రతి మెట్టు దగ్గరా తప్పు చూపించే పద్ధతుల్లో అది 0.76. ఎదుట మనిషి కూర్చుని చెప్పినప్పుడు 0.79. మనిషికీ, మెట్టు మెట్టునా దిద్దే పద్ధతికీ మధ్య తేడా ఇంత తక్కువగా ఉందంటే, ఫలితం ఎక్కువగా దిద్దుబాటు ఎంత దగ్గరగా జరిగిందన్న దాని మీద ఆధారపడిందని అర్థం చేసుకోవచ్చు. గొప్ప పేరున్న మెంటార్ మూడు నెలలకోసారి భుజం తట్టడం కన్నా, పేరు లేనివారు వారం వారం నలభై లైన్ల కోడ్ చదివి దిద్దడం ఎక్కువ పని చేస్తుంది.

ఎవరిని వెతకాలి

రోజువారీ దిద్దుబాటుకు రెండు మూడేళ్లు ముందున్నవాళ్లే మేలు. వాళ్లు ఆ మెట్టు మీద తడబడి ఎంతో కాలం కాలేదు, ఎక్కడ కాలు జారుతుందో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారికి మధ్యలోని నాలుగు మెట్లు ఒకటిగా కలిసిపోతాయి. ‘అది మామూలే కదా’ అని వాళ్లు దాటేసిన చోటే నేర్చుకునేవారు ఆగిపోతారు. పెద్ద నిర్ణయాలప్పుడు మాత్రం, అంటే ఏ శాఖలో లోతుకు వెళ్లాలి, ఏ ప్రాజెక్టు ఏడాది పెట్టదగ్గది అన్నప్పుడు, ఆ ఇరవై ఏళ్ల చూపుకు సాటి లేదు. వాళ్ల సమయాన్ని అలాంటి ప్రశ్నలకే దాచుకోవాలి.

వెతకాల్సిన చోటు కూడా దీన్నిబట్టే తేలుతుంది: ఇతరుల పనిని చదివి దిద్దడం మామూలుగా జరిగే చోటు. సాఫ్ట్‌వేర్‌లో, కోడ్‌ను ఎవరైనా చదివి మార్పులు పంపగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు అలాంటివి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌లో ఏ ఫైలును ఎవరు చూసుకుంటారో చెప్పడానికి గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్ట్ కోడ్‌తో పాటే వస్తుంది. చెక్ ప్యాచ్ అనే ఇంకో స్క్రిప్ట్ శైలి తప్పుల్ని ముందే పట్టిస్తుంది. ఆ రెండో స్క్రిప్ట్ నడపకుండా పంపిన ప్యాచ్‌కు, అంటే కోడ్‌లో మార్పుకు, వచ్చే మొదటి జవాబు సాధారణంగా మాటల మధ్య వదిలిన ఖాళీల (స్పేస్‌ల) గురించే ఉంటుంది, తర్కం గురించి కాదు. అంటే మనిషి దగ్గర దొరికిన అరుదైన సమయం యంత్రం చేయాల్సిన పనికి ఖర్చయిపోయింది. ఎక్సర్సిజమ్ అనే వేదికలో స్వచ్ఛంద మెంటార్లు అభ్యాసాల జవాబులు చదివి ఉచితంగా వ్యాఖ్యలు రాస్తారు. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, దానితో పాటు అవుట్‌రీచీ వంటి కార్యక్రమాల్లో ఎంపికైనవారికి మెంటార్‌ను కేటాయిస్తారు. అయితే అక్కడా దరఖాస్తుకు ముందు నెలల్లో ఆ ప్రాజెక్టుకు చిన్న చిన్న మార్పులు చేసి పంపినవాళ్లకే అవకాశం బాగా ఉంటుంది.

అభిరుచి కొద్దీ సొంత రేడియోలతో మాట్లాడుకునే హామ్ రేడియోలో ఈ సంబంధానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. కొత్తవాళ్లకు చెయ్యందించే సీనియర్‌ను ‘ఎల్మర్’ అంటారు. 1971లో క్యూఎస్‌టీ అనే హామ్ రేడియో పత్రికలో వచ్చిన ఒక శీర్షికలో ఎల్మర్ అనే ఆపరేటర్‌ను కృతజ్ఞతతో తలచుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. ఎల్మర్ చేసే పనిలో ఎక్కువ భాగం పక్కన నిలబడి చూడటం: టంకం చల్లబడక ముందే తీగ కదిపారా, యాంటెన్నా కొలతను ఎక్కడి నుంచి ఎక్కడికి తీశారు, ఇలాంటివి.

అడగడంలోనే ఉంది అంతా

ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. ఆర్డువినో ఊనో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ అనే భాగం ద్వారా, చిన్న డీసీ మోటార్ నడపాలి. ఐదు సెకన్లు తిరగాలి, ఐదు సెకన్లు ఆగాలి. మోటార్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతోంది, మళ్లీ కదులుతోంది. నేర్చుకునేవారు అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: ‘డిలే ఫంక్షన్ సరిగ్గా పని చేయట్లేదు, ఎందుకు?’ డిలే అంటే ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపి ఉంచే ఫంక్షన్. ఎవరో మంచి మనసుతో డిలే బదులు, గడిచిన సమయం చెప్పే మిల్లీస్ వాడమని చెబుతారు. రెండు రోజులు కూర్చుని కోడ్ అంతా తిరగరాస్తారు. మోటార్ మళ్లీ అలాగే చేస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కూడా కాదు, ఎలుకా దొరకదు.

అసలు జరిగింది వేరు. మోటార్‌కూ బోర్డుకూ ఒకే యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు వెళ్తున్నాయి. ఆ బోర్డులో యూఎస్‌బీ దారిలో ఉన్న రీసెట్ అయ్యే ఫ్యూజ్ పరిమితి 500 మిల్లీ ఆంపియర్లు. తిరుగుతున్నప్పుడు 200 మిల్లీ ఆంపియర్లు తాగే మోటార్, కదలడం మొదలుపెట్టే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది. సుమారు 2.7 వోల్టుల కిందకి దిగగానే చిప్ తనను తాను రీసెట్ చేసుకుంటుంది, ప్రోగ్రామ్ మొదటి నుంచి నడుస్తుంది. డిలే పూర్తయ్యే దాకా అది వెళ్లనే లేదు. మోటార్‌కు వేరే బ్యాటరీ పెట్టి, రెండు గ్రౌండ్‌లూ కలిపి, మోటార్ రెండు చివర్ల మధ్య ఒక డయోడ్‌ను దాని గీత ఉన్న వైపు పాజిటివ్‌కు వచ్చేలా వేసి, సరఫరా దగ్గర 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే సరిపోతుంది.

అనుభవం ఉన్నవారు వైరింగ్ ఫోటో చూస్తే అర నిమిషంలో ఇది చెప్పగలరు. కానీ ప్రశ్నలో ఫోటో లేదు. తన ఊహనే సమస్యగా రాసి పంపడం వల్ల అసలు సమస్య దాగిపోయింది. అదే ప్రశ్న ఇలా ఉంటే:

‘నమస్కారం అండీ. ఆర్డువినో ఊనోతో 5 వోల్టుల డీసీ మోటార్‌ను మాస్‌ఫెట్ ద్వారా నడుపుతున్నాను. ఐదు సెకన్లు తిరగాల్సింది, అర సెకను కూడా తిరగకుండా ఆగి మళ్లీ మొదలవుతోంది. ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారే నడిచే సెటప్‌లో “మొదలైంది” అని ప్రింట్ పెట్టాను, అది పదే పదే వస్తోంది. మోటార్ తీసేసి ఎల్ఈడీ పెడితే ఐదు సెకన్లూ సరిగ్గా వెలుగుతోంది. డిలే బదులు మిల్లీస్ వాడి చూశాను, తేడా లేదు. 22 లైన్ల కోడ్, వైరింగ్ ఫోటో జత చేశాను. బోర్డు రీసెట్ అవుతోందని అనుకుంటున్నాను. తరవాత ఏం కొలిచి చూడాలి?’

ఇందులో అనుకున్నది, జరిగినది, చేసి చూసినది, తన ఊహ విడివిడిగా ఉన్నాయి. ఎల్ఈడీతో చేసిన పరీక్ష ఒక్కటే సగం దారులు మూసేసింది. చివరి ప్రశ్న జవాబు కోసం కాదు, తరవాతి మెట్టు కోసం. ఈ ఉత్తరం చదివినవారికి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది: ఈ మనిషికి చెబితే ఆ మాట వృథా పోదు.

ఇలాంటి ప్రశ్న రాస్తుండగానే జవాబు తట్టడం తరచుగా జరుగుతుంది. అందువల్ల ఎవరికి పంపాలో తెలియకపోయినా ముందు రాసి పెట్టుకోవడం మంచిది. తప్పు కనిపించే అతి చిన్న నమూనాను వేరు చేయడం మొదటి పని. మూడు వందల లైన్లలో తప్పుంటే సగం తీసేసి చూడాలి. తప్పు ఇంకా ఉంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం. ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకటి రెండు లైన్ల దాకా వచ్చేస్తుంది.

మొదటి ఉత్తరం, ఆ తరవాత

తెలియని నిపుణులకు రాసే మొదటి సందేశంలో ‘నాకు మెంటార్‌గా ఉంటారా’ అనే మాట రాయకపోవడమే మంచిది. ఆ ప్రశ్నకు హద్దు లేదు. ఎంత సమయం, ఎన్నాళ్లు, ఏ విషయంలో అన్నది తెలియకుండా ఔననడం ఎవరికైనా కష్టం, కాదనడానికి మొహమాటం. అందుకే చాలాసార్లు జవాబే రాదు. పది నిమిషాల్లో తీర్చగలిగిన ఒక్క ప్రశ్న అడిగితే జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

మైకేల్ ఫారడే లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే కుర్రవాడిగా ఉన్నప్పుడు రెండు ఉత్తరాలు రాశాడు. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు, విజ్ఞాన శాస్త్రంలో ఏదైనా పని ఇప్పించమని రాసింది ఒకటి. దానికి జవాబు రాలేదు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విని, వాటిని బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, బైండ్ చేసి, ఆ ప్రతిని జత చేసి డేవీకి రాసింది రెండోది. డేవీ పిలిచి మాట్లాడాడు. వెంటనే పనేమీ ఇవ్వలేదు, బైండింగ్ వదలొద్దనే చెప్పాడు. కానీ కొన్ని వారాలకు ప్రయోగశాలలో సహాయకుడి స్థానం ఖాళీ అయినప్పుడు గుర్తొచ్చింది ఆ కుర్రవాడే. 1813 మార్చి 1న ఫారడే చేరాడు. రెండు ఉత్తరాల్లోనూ తపన ఒకటే. రెండోదానికి చూడదగ్గ పని తోడైంది.

సందేశం నూట యాభై మాటలు దాటకూడదు. ఆ నిపుణుల పనిలో ఏది చదివి ఈ ప్రశ్న పుట్టిందో ఒక వాక్యం, ప్రశ్న, చేసి చూసినవి, జతపరచినది. పొగడ్త ఒక్క వాక్యం కన్నా ఎక్కువైతే ప్రశ్న కిందకి పోతుంది. వారం పది రోజులు ఆగాక ఒక్కసారి గుర్తు చేయవచ్చు. లైనక్స్ కెర్నల్ మార్గదర్శకాలు కూడా ప్యాచ్ పంపినవారిని గుర్తు చేయడానికి కనీసం వారం ఆగమంటాయి. రెండోసారీ జవాబు రాకపోతే అక్కడితో వదిలి ఇంకొకరికి రాయాలి. అందులో అవమానమేమీ లేదు, చాలాసార్లు అవతలివారికి తీరిక లేకపోవడమే కారణం.

జవాబు వచ్చాక జరగాల్సింది చాలామంది చేయరు. ‘ధన్యవాదాలు’ అని రాసి మాయమవుతారు. చెప్పినది చేసి చూసి, ఏమైందో వారంలోగా నాలుగు వాక్యాల్లో రాయాలి. పని చేయకపోయినా రాయాలి, అప్పుడు ఇంకా ముఖ్యం. దిద్దినవారికి తమ మాట ఎక్కడికి చేరిందో తెలియడమే అసలు ప్రతిఫలం. ఇలా మూడు నాలుగు సార్లు నడిచాక, ‘రెండు వారాలకోసారి అరగంట, మూడు నెలల పాటు చూసి పెడతారా’ అని అడగవచ్చు. ఇప్పుడు ప్రశ్నకు హద్దుంది, ఆగిపోయే తేదీ కూడా ఉంది.

అరగంట ఎలా గడవాలి

కలవడానికి ఒక రోజు ముందు అర పేజీ పంపాలి: గతసారి నుంచి ఏం చేశారు, ఎక్కడ ఆగారు, ఇప్పుడు తేల్చుకోవాల్సిన నిర్ణయం ఏమిటి. కలిసినప్పుడు మొదటి పది నిమిషాలు మాటలు ఆపి మెంటార్ కళ్ల ముందు పని చేసి చూపించడం అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. అలవాటుగా చేసేవి అర పేజీలోకి ఎక్కవు. ఎర్రర్ సందేశం చదవకుండానే మూసేయడం, మార్పు ఒక్కటొక్కటిగా కాక మూడు కలిపి చేయడం, మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌ను వేరే గ్రౌండ్ మీద పెట్టడం, ఇవన్నీ చూస్తేనే తెలుస్తాయి. లేజర్ విషయంలో కాగితం మీదకి రానిది ఇలాంటిదే.

నోట్స్ రాసే బాధ్యత నేర్చుకునేవారిదే. దిద్దుబాట్లకు ఒక పట్టిక ఉంచుకోవాలి: తేదీ, తప్పు, ఎందుకు తప్పు, మళ్లీ వచ్చిందా. ఒకే రకం తప్పు మూడుసార్లు కనిపిస్తే దాన్ని విడిగా దిద్దుకుంటూ పోవడం వృథా, దాని కింద ఉన్న భావన ఏదో సరిగ్గా పట్టుబడలేదు. ఉదాహరణకు పైథాన్‌లో జాబితాను ఫంక్షన్‌కు ఇచ్చాక బయట కూడా మారిపోతోందని పదే పదే చిక్కుపడుతుంటే, నేర్చుకోవాల్సింది జాబితాల గురించి కాదు, పేరు వేరు, అది సూచించే వస్తువు వేరు అన్న సంగతి.

చెడిపోయే తీరు

గౌరవం కొద్దీ తప్పులు దాచడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే చిక్కు. ముందురోజు రాత్రి కూర్చుని అంతా శుభ్రం చేసి చూపిస్తే దిద్దడానికి ఏమీ మిగలదు, ఇద్దరి సమయమూ పోతుంది. సగంలో ఆగిపోయిన పనే తీసుకెళ్లాలి.

మెంటారే కీబోర్డు లాక్కుని పని పూర్తి చేసేయడం రెండోది. అది దయతోనే జరుగుతుంది. ‘మీరు చెప్పండి, నేను టైప్ చేస్తాను’ అనడం మర్యాదగా ఆపే మార్గం. ఇంకోటి, మెంటార్ అభిరుచిని సూత్రంగా పట్టుకోవడం. ప్రతి సలహా దగ్గరా ‘ఇలా చేయకపోతే ఏం చెడుతుందండీ?’ అని అడగాలి. చెడేదేమిటో స్పష్టంగా చెబితే అది నియమం. ‘నాకిలా అలవాటు’ అంటే అది శైలి, దాన్నీ గౌరవించవచ్చు కానీ కంఠస్థం చేయనవసరం లేదు.

డబ్బు తీసుకునే మెంటార్లలో మంచివాళ్లు ఉన్నారు. ముందు ఒక్క గంటకే చెల్లించి, తన పాత పనినొకటి ఇచ్చి దిద్దించుకుని చూడాలి. ఆ గంటలో లైను నంబరుతో సహా మూడు నాలుగు నిర్దిష్టమైన తప్పులు చూపించారా, లేక ప్రోత్సాహపు మాటలు చెప్పారా అన్నది చాలు. ఉద్యోగం గ్యారంటీ అనేవారు దిద్దుబాటు అమ్మడం లేదు, ఆశ అమ్ముతున్నారు.

ఏఐ చాట్ సాధనాలు ఎర్రర్ సందేశం అర్థం చెప్పడానికి, చిన్న సందేహాలు తీర్చుకోవడానికి నిజంగా ఉపయోగపడతాయి. మనిషి దగ్గరకు వెళ్లే ముందు అక్కడ అడగడం న్యాయం కూడా. కానీ డిలే గురించి అడిగితే అవి ఎక్కువగా డిలే గురించే చెబుతాయి, తప్పుగా చెప్పినా అదే ధీమాతో చెబుతాయి. ఇక అవి రాసిన కోడ్‌ను తన పనిగా పంపి దిద్దమనడం అవతలివారి సమయాన్ని దొంగిలించడమే. దిద్దిన తప్పు నేర్చుకునేవారిది కాదు కాబట్టి ఆ దిద్దుబాటు ఎవరికీ చేరదు.

ఎవరూ దొరకనప్పుడు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇప్పటికే చర్చ ముగిసిన మార్పులు వేలకొద్దీ అందుబాటులో ఉంటాయి. ఒకటి తీసుకోవాలి. మొదట పంపిన రూపం మాత్రమే చూసి, అనుభవజ్ఞుల వ్యాఖ్యలు తెరవకుండా, తానైతే ఏం దిద్దుతారో రాసుకోవాలి. ఆ తరవాత అసలు వ్యాఖ్యలతో పోల్చాలి. తాను గమనించనివి, తాను అనవసరంగా పట్టుకున్నవి రెండూ బయటపడతాయి. ఒక్కోదానికి నలభై నిమిషాలు, వారానికి రెండు చొప్పున చేయవచ్చు. ఎలక్ట్రానిక్స్‌లో చిప్ తయారీదారు డేటాషీట్‌లో, అంటే చిప్ వివరాల పత్రంలో, ఇచ్చే నమూనా సర్క్యూట్ ఇదే పని చేస్తుంది. ముందు సొంతంగా గీసి, తరవాత పక్కపక్కన పెట్టి, అక్కడున్న ప్రతి అదనపు కెపాసిటర్ ఎందుకుందో తేల్చుకోవాలి. ప్రతి చిప్‌లో విద్యుత్ అందుకునే కాలు (పిన్) పక్కనా 100 నానోఫారడ్‌ల కెపాసిటర్ ఎందుకుంటుందో అలా నేర్చుకున్నవారు మళ్లీ మరచిపోరు.

సమ ఉజ్జీలు ఇద్దరు ఒకరి పని ఒకరు దిద్దుకోవడం కూడా పనికొస్తుంది, ఇద్దరూ ఒకే పాఠంలో నేర్చుకోనంత వరకు. ఒకే చోట నేర్చుకుంటే లోటు కూడా ఒకటే.

మెంటార్ దొరికాక దిద్దుబాట్ల పట్టికను నెలకోసారి తిరగేస్తూ ఉండాలి. రెండు నెలలుగా కొత్త రకం తప్పేదీ అందులో చేరలేదంటే ఆ స్థాయి దాటినట్టే, లేదంటే ఇస్తున్న పని మరీ తేలికైనట్టు. ఇంకో కష్టమైన పని ఎంచుకుని చూస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. దాటిన మాట నిజమైతే రెండు వారాల కలయికను నెలకు మార్చుకోమని నేర్చుకునేవారే అడగాలి. తరవాతి స్థాయిలో ఎవరి పని చూస్తే బాగుంటుందో అప్పుడు అడిగితే, మెంటార్ చాలాసార్లు ఒక పేరు చెప్పి పరిచయం కూడా చేస్తారు.